వంటింటి సందేహాలు: చేప నీళ్లు వదిలితే అది వేపుడు కాదు

ముల్లు తీసిన చేప ముక్కలకు (ఫిల్లెట్లకు) మసాలా పట్టించి, రాత్రి భోజనానికి గబగబా వేయించుకోవడం ఎలాగని ఈ మధ్య వరసగా ఉత్తరాలు వస్తున్నాయి. ఎక్కువ భాగం హైదరాబాద్ నుంచే. అడిగిన తీరు వేరైనా చాలామందిని ఇబ్బంది పెడుతున్నది ఒక్కటే, తడి. అందుకే మొదటి జవాబు కాస్త పెద్దదిగా ఇస్తున్నాం. మిగతావి చదివే ముందు అది చదివితే పని సులువవుతుంది.

ప్రశ్న: గడ్డకట్టించిన బాసా చేప ఫిల్లెట్లు తెచ్చి పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, గరం మసాలా కలిపి గంటసేపు నానబెడుతున్నాను. పెనం మీద వేసిన రెండు నిమిషాలకే నీళ్లు ఊరి మసాలా అంతా అందులో తేలిపోతోంది. ముక్క తెల్లగా ఉడికిపోయి, తిప్పబోతే విరిగిపోతోంది. హోటల్లోలాగా పైన ఎర్రటి పొర కట్టాలంటే ఏం చేయాలండీ? (కూకట్‌పల్లి నుంచి ఓ పాఠకురాలు)

జవాబు: మీ మసాలాకు వంక పెట్టడానికేమీ లేదు. తంటా అంతా నీళ్లతోనే. పెనం మీద నీళ్లు ఉన్నంతసేపూ ముక్క అడుగుభాగం 100 డిగ్రీలు దాటి వేడెక్కదు. ఎర్రటి పొర బాగా కట్టాలంటే దాదాపు 140 డిగ్రీలైనా కావాలి. అంటే ఊరిన నీళ్లన్నీ ఆవిరయ్యాకే వేగడం మొదలవుతుంది. పలచటి బాసా ముక్క ఆలోపే లోపలిదాకా ఉడికి మెత్తబడిపోతుంది. మెత్తబడ్డ ముక్క కింద అట్లకాడ దూరిస్తే విరగక ఏమవుతుంది?

ఈ నీళ్లు నాలుగు దారుల్లో వస్తున్నాయి. గడ్డకట్టించిన ఫిల్లెట్ చుట్టూ పలచటి మంచు పూత ఉంటుంది. చలిగాలికి ముక్క ఎండిపోకుండా ప్యాకింగ్‌లో కావాలనే వేస్తారు. రెండోది, కొన్ని రకాల బాసాకు తేమను పట్టి ఉంచే ఫాస్ఫేట్ లవణాలు కలుపుతారు. ప్యాకెట్ వెనక పదార్థాల వరసలో 451, 452 అనే అంకెలు కనిపిస్తే అవే. వీలైతే అవి లేని ప్యాకెట్ తీసుకోండి. మూడోది మీరు వేస్తున్న పెరుగు. నాలుగోది అల్లం వెల్లుల్లి ముద్ద, మిక్సీలో నీళ్లు పోసి తిప్పినదైతే మరీనూ. అల్లంతో ఇంకో చిక్కు కూడా ఉంది. పచ్చి అల్లంలో జింజిబైన్ అనే ఎంజైమ్ మాంసకృత్తులను విడగొడుతుంది. మటన్‌కు అది మేలు చేస్తుంది. చేప కండ అసలే సున్నితం, గంట నానితే పైపొర జావజావగా తయారవుతుంది.

కాబట్టి తడి ముద్ద మానేసి పొడి మసాలా పట్టించండి. అరకిలో ఫిల్లెట్లకు, అంటే మామూలుగా నాలుగు ముక్కలకు, కొలత చెబుతున్నాం. కాశ్మీరీ కారం 1 టీస్పూను, గుంటూరు కారం అర టీస్పూను, కొంచెం బరకగా ఉన్న ధనియాల పొడి ఒకటిన్నర టీస్పూను, జీలకర్ర పొడి, మిరియాల పొడి, ఆమ్‌చూర్ (ఎండు మామిడికాయ పొడి) ఒక్కొక్కటి అర టీస్పూను, పసుపు పావు టీస్పూను, అరచేతిలో నలిపిన వాము పావు టీస్పూను. వీటిలో చివరగా 1 టేబుల్‌స్పూను బియ్యప్పిండి కలపాలి. ఉప్పు ఇందులో కలపొద్దు, దాని పని వేరే ఉంది. వాము మాత్రం మానకండి, చేపకూ వాముకూ కుదిరే జత ఇంకో దినుసుతో కుదరదు.

ముందు రోజు రాత్రే ఫిల్లెట్లను ఫ్రీజర్ నుంచి తీసి, చిల్లుల గిన్నెలో ఉంచి, కింద పళ్లెం పెట్టి ఫ్రిజ్ అడుగు అరలో వదిలేయండి. కరిగిన నీళ్లు పళ్లెంలోకి దిగిపోతాయి. మరచిపోతే నీళ్లు చొరబడని కవర్‌లో మూతి బిగించి చన్నీళ్లలో ముంచితే పలచటి ముక్కలు అరగంటకు కరుగుతాయి. వేడినీళ్లలో మాత్రం వేయొద్దు. అంచులు తెల్లగా ఉడుకుతాయి, మధ్యలో మంచు అలాగే ఉంటుంది.

కరిగిన ముక్కలను ఒకసారి పొడిగుడ్డతో ఒత్తి, రెండు వైపులా కలిపి ముప్పావు టీస్పూను ఉప్పు చల్లి 10 నిమిషాలు పక్కన పెట్టండి. ముక్క మీద చెమట పట్టినట్టు చిన్న చిన్న నీటి బొట్లు తేలుతాయి. ఆ నీళ్లే పెనం మీద మిమ్మల్ని ఏడిపించేవి. మందపాటి నూలుగుడ్డ పరిచి, దాని మీద ముక్కలు ఉంచి, ఇంకో గుడ్డ కప్పి అరచేత్తో మెల్లగా నొక్కండి. రుద్దితే కండ చెదిరిపోతుంది. గుడ్డను పొడి చోటుకు జరిపి మళ్లీ నొక్కినప్పుడు తడి మరక పడకుండా ఉండాలి, అప్పటిదాకా నొక్కుతూనే ఉండండి. మొత్తం వంటలో ఇంతకంటే ముఖ్యమైన పని ఇంకోటి లేదు. ఉప్పు కొంత ఈ నీళ్లతో పోతుంది, కొంత కండలోకి దిగుతుంది. ఫాస్ఫేట్ పట్టించిన బాసా ముందే కొంచెం ఉప్పగా ఉండొచ్చు, దానికి అర టీస్పూను చాలు.

ఇప్పుడు ముక్కలన్నిటికీ కలిపి 1 టీస్పూను నూనె పలచగా రాయండి. కారంలోని ఘాటూ రంగూ నూనెలోనే కరుగుతాయి. పొడి అంటుకోవడానికీ ఇదే ఆధారం. ఆపైన మసాలా చల్లి, అరచేత్తో అద్దండి. ముక్క ఎక్కడా తెల్లగా కనిపించకూడదు, అలాగని పొడి కుప్పగానూ ఉండకూడదు. అంటుకోని పొడిని దులిపేయండి, అది పెనం మీద మాడడానికి తప్ప దేనికీ పనికిరాదు. 5 నిమిషాలు ఆగితే బియ్యప్పిండి మిగిలిన కాస్త తడినీ పీల్చుకుని పొరలా పట్టుకుంటుంది.

పెనం మధ్యస్థ మంట మీద 3 నిమిషాలు కాలాలి. 2 టేబుల్‌స్పూన్ల రిఫైన్డ్ పల్లీ నూనె పోయండి. పెనం కొంచెం వంచితే నూనె నీళ్లలా పలచగా, చారలు చారలుగా జారాలి. చిటికెడు బియ్యప్పిండి వేస్తే వెంటనే బుసబుసమని పొంగాలి. ఒకేసారి రెండు ముక్కలే వేయండి, మధ్యలో రెండు వేళ్ల ఎడం ఉంచండి. నాలుగూ ఇరికిస్తే పెనం చల్లబడి మళ్లీ నీళ్ల కథే. వేసేటప్పుడు మీ వైపు అంచు ముందు పెనానికి తగలనిచ్చి, అవతలి వైపుకు పరచండి, నూనె మీ మీదికి చిందదు.

వేశాక 3 నిమిషాలు ముట్టుకోవద్దు. వంగి ముక్క పక్కభాగాన్ని చూడండి. మొదట అది పచ్చిగా, గాజులా కొంచెం పారదర్శకంగా ఉంటుంది. అడుగు నుంచి తెలుపు మెల్లగా పైకి పాకుతుంది. పక్కభాగంలో మూడింట రెండు వంతులు తెల్లబడితే తిప్పే వేళ అయిందన్నమాట. చెవి కూడా పెట్టండి. చుర్రుమనే సన్నటి మోత ఆగకుండా వస్తుంటే వేగుతోంది. కుతకుతమని వినిపిస్తే నీళ్లు ఊరాయి. అలాంటప్పుడు మంట పెంచి, నీళ్లను చెంచాతో తోడేయండి. తిప్పాక రెండో వైపు ఒకటిన్నర నుంచి 2 నిమిషాలు చాలు. మందంగా ఉన్నచోట చాకు మొనతో కదిపితే కండ పొరలు పొరలుగా విడిపోవాలి, లోపల గాజు రంగు ఉండకూడదు. థర్మామీటర్ ఉన్నవాళ్లు 63 డిగ్రీలు చూసుకోవచ్చు.

నిమ్మరసం దించాకే పిండండి. వేయించిన ముక్కల మీద మూత పెట్టకండి, ఆవిరి పట్టి పొర మెత్తబడుతుంది.

ప్రశ్న: తడి బాగానే తుడుస్తున్నాను. అయినా ఇనుప పెనానికి పొరంతా అతుక్కుని, ముక్క బోడిగా వస్తోంది. నాన్‌స్టిక్ కొనక తప్పదా? (సైదాబాద్)

జవాబు: కొననక్కర్లేదు. చల్లటి లేదా సగం వేడెక్కిన లోహం మీద చేప వేస్తే కండలోని మాంసకృత్తులు దాన్ని పట్టేసుకుంటాయి. పెనం ముందే కాలి ఉంటే పొర గట్టిపడి తనంతట తనే వదులుతుంది. కాబట్టి 3 నిమిషాలయ్యాక అట్లకాడ దూర్చి రాకపోతే బలవంతం చేయొద్దు. అరనిమిషం ఆగి మళ్లీ చూడండి. దోశలు పోసి పోసి నల్లగా నున్నబడిన పెనమైతే చేపకు దాన్ని మించింది లేదు. అయితే చేప వేయించాక వేడినీళ్లతో కడిగి, పొయ్యి మీద ఆరబెట్టి, చుక్క నూనె రాయాలి. లేదంటే మర్నాటి దోశకు నీసు వాసన తగులుతుంది.

ఇంకో ఉపాయం, నూనె కాగాక రెండు రెబ్బల కరివేపాకు పరిచి, దాని మీద ముక్క వేయండి. ఆకు అడ్డం ఉంటుంది కాబట్టి అతుక్కోదు, వాసనా బాగుంటుంది. ఆకు మాత్రం తడి లేకుండా ఉండాలి, లేదంటే నూనె ముఖం మీదికి చిందుతుంది. నాన్‌స్టిక్ వాడేవాళ్లు ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద కాల్చకండి. 260 డిగ్రీలు దాటితే ఆ పూత పాడవడం మొదలవుతుంది.

ప్రశ్న: రాంనగర్ మార్కెట్‌లో రవ్వ చేప కొని బోన్‌లెస్ కొట్టించాను. తింటుంటే నోటినిండా సన్నటి ముళ్లు. కొట్టడం రాకనా, లేక చేపే అలాంటిదా? ఏ చేప అడగాలి? (నల్లకుంట)

జవాబు: చేపే అలాంటిది. రవ్వ, బొచ్చె, ఎర్రమోసు, మన చెరువుల్లో ఎక్కువగా పెరిగే ఈ మూడింటికీ వెన్నుముల్లు కాక, కండ లోపల ఇంగ్లిషు వై అక్షరంలా చీలిన సన్నటి ముళ్లు విడిగా ఉంటాయి. అవి ఏ ఎముకకూ అతుక్కుని ఉండవు కాబట్టి వెన్నుముల్లుతో పాటు ఊడిరావు. ఎంత చేయి తిరిగిన మనిషి కొట్టినా అవి ఫిల్లెట్‌లోనే ఉండిపోతాయి. ఆ చేపలు పులుసుకూ, అడ్డంగా కోసిన ముక్కల వేపుడుకూ బంగారం. ముల్లు లేని ముక్కకు మాత్రం పనికిరావు.

బోన్‌లెస్ కావాలంటే మొదట అడగాల్సింది కొర్రమీను. మన తెలంగాణ రాష్ట్ర చేప ఇదే, బొమ్మె అంటేనే గుర్తుపట్టేవాళ్లూ ఉన్నారు. కండ గట్టిగా ఉంటుంది, తిప్పినా విరగదు, ముళ్లు తక్కువ. నగరంలో పేరుపడ్డ అపోలో ఫిష్ అనే చేప వేపుడుకు మంచి హోటళ్లు ఈ చేపనే వాడతాయి, ఖర్చు తగ్గించుకునే చోట బాసా వేస్తారు. ఖరీదుతో పాటు ఇంకో లెక్క కూడా చూసుకోండి. తల, తోలు, వెన్నుముల్లు పోగా కిలో చేపకు చేతికొచ్చే కండ సగం కంటే తక్కువే. నలుగురికి అరకిలో ఫిల్లెట్ కావాలంటే కిలోకు పైన తూగే చేప తీసుకోవాలి. తలా ముల్లూ వదలకుండా అడిగి తెచ్చుకోండి, మర్నాడు పులుసుకు వస్తాయి.

పండుగప్ప దొరికితే వదలొద్దు. తోలుతో సహా ఫిల్లెట్ కొట్టించి, తోలు వైపు ముందుగా పెనానికి తగిలేలా వేసి, మొదటి 10 సెకన్లు అట్లకాడతో నొక్కి పట్టండి. లేదంటే తోలు ముడుచుకుని ముక్క విల్లులా వంగుతుంది. తోలు వైపే 4 నిమిషాలు వేయించి, తిప్పాక 1 నిమిషం ఉంచితే చాలు. తిలాపియా చవకలో మేలైనది, కానీ ఫిల్లెట్ పలచగా వస్తుంది, రెండు వైపులా కలిపి 4 నిమిషాలు దాటకూడదు. వంజరం ఫిల్లెట్‌కు కాకుండా వేలెడు మందాన గుండ్రటి ముక్కలుగానే బాగుంటుంది. మధ్యలో ఒక్క ముల్లు, తీసి పక్కన పెట్టడం చిన్నపిల్లలకూ తెలుస్తుంది.

కొనేటప్పుడు చేపను మొత్తంగా చూసి, అప్పుడు కొట్టించుకోండి. మొప్ప ఎత్తితే ఎర్రగా ఉండాలి, కన్ను ఉబ్బుగా తేటగా ఉండాలి, వేలితో నొక్కితే గుంట వెంటనే పూడాలి. ముందే కోసి మంచు మీద పరిచిన ముక్కకు కన్నూ లేదు, మొప్పా లేదు, చూడ్డానికేం మిగలదు. జూన్ మొదట్లో మృగశిర కార్తె రోజున రాంనగర్, బేగంబజార్‌లలో అడుగు పెట్టే సందు ఉండదు, కొట్టేవాళ్లకు ఫిల్లెట్ తీసే తీరికా ఉండదు. ఆ రోజు తినాలనుకుంటే ముందు రోజే కొట్టించి, ఫ్రిజ్‌లో బాగా చల్లగా ఉండేచోట పెట్టుకోండి.

ప్రశ్న: కొర్రమీను ఫిల్లెట్ వేలెడు మందం ఉంటోంది. పైన మసాలా నల్లగా మాడి చేదెక్కుతోంది, లోపల పచ్చి. మంట తగ్గిస్తే పొర రావడం లేదు. (ఉప్పల్)

జవాబు: మీరు గరం మసాలా కూడా పట్టిస్తున్నారేమో చూడండి. దాల్చినచెక్క, లవంగం మెత్తటి పొడి నూనెలో 4 నిమిషాలు వేగితే చేదు తప్పదు. అది వేయాలనుకుంటే దించాక చిటికెడు చల్లుకోండి. మాడేవాటిలో తర్వాతిది వెల్లుల్లి, దానిలోని చక్కెరలు త్వరగా నల్లబడతాయి. మీకు వెల్లుల్లి లేకుండా ముద్ద దిగదంటే నాలుగు రెబ్బలు కచ్చాపచ్చాగా దంచి, చివరి నిమిషంలో నూనెలో వేసి, ఆ నూనెను చెంచాతో ముక్కల మీద పోయండి. వాసన దక్కుతుంది, చేదు దక్కదు. కారం ఎంత మెత్తగా ఉంటే అంత త్వరగా మాడుతుంది. అందుకే మన కొలతలో ధనియాలు బరకగా ఉండాలన్నాం, ఆ పలుకులు కారాన్ని పెనానికి నేరుగా ఆననివ్వవు. మెంతిపొడి వేసే అలవాటుంటే మానేయండి, కొంచెం వేగినా చేదు బయటపడుతుంది.

ఇక మందం సంగతి. ఫ్రిజ్‌లోంచి తీసి అలాగే పెనం మీద వేస్తే నడుమ చలి పోయేలోపు పైన మాడుతుంది. ఉప్పు పట్టించి ఉంచే ఆ 10 నిమిషాలూ బయటే ఉంచండి. ముక్క మీద ఏటవాలుగా మూడు గాట్లు పెట్టండి, లోతు బియ్యపు గింజ వెడల్పుకు మించకూడదు, వాటి వెంట వేడీ మసాలా లోపలికి దిగుతాయి. మొదటి వైపు మధ్యస్థ మంట మీద 4 నిమిషాలు. తిప్పగానే మంట తగ్గించి, పెనాన్ని కొంచెం వంచి, పక్కకు చేరిన నూనెను చెంచాతో ముక్క మీదికి పోస్తూ ఇంకో 4 నిమిషాలు ఉంచండి. త్వరగా ఉడకాలని మూత పెట్టడం చాలామంది చేసే పొరపాటు. ఉడుకుతుంది నిజమే, పొర మాత్రం తడిసి ఊడిపోతుంది.

రెండో విడత వేసే ముందు పెనంలో మిగిలిన నల్ల మసాలాను టిష్యూతో తుడిచి, కొత్త నూనె పోయండి. మొదటి విడత బాగుండి రెండోది చేదుగా వచ్చిందని రాసేవాళ్లందరికీ ఇదే మందు.

ప్రశ్న: చెరువు చేప ఎంత కడిగినా మట్టి వాసన పోవడం లేదు. (మేడ్చల్)

జవాబు: ఉత్త నీళ్లతో పోదు. చెరువుల్లోని కొన్ని రకాల నాచు, సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. వాన పడ్డప్పుడు నేల నుంచి వచ్చే వాసనా అదే. చేప దాన్ని కొవ్వులో దాచుకుంటుంది, ముఖ్యంగా తోలులోనూ, తోలు కింద పక్కగా పోయే ముదురు ఎరుపు చారలోనూ. ఫిల్లెట్ అయితే తోలు ఒలిచి, ఆ ఎర్రటి చారను చాకుతో సన్నగా కోసి తీసేయండి, చాలావరకు అక్కడితో తీరుతుంది. పులుపు తగిలితే జియోస్మిన్ విరిగిపోతుంది. అరలీటరు నీళ్లలో 1 టేబుల్‌స్పూను వెనిగర్ గానీ నిమ్మరసం గానీ కలిపి ముక్కలను 5 నిమిషాలు ఉంచి, కడిగి, వెంటనే తుడిచి ఆరబెట్టండి. చింతపండు, కళ్లుప్పు, పసుపుతో చేపను రుద్ది కడిగే మన పాత అలవాటు ఎంతో అర్థమున్నది. పావుగంట దాటి పులుపులో ఉంచితే మాత్రం కండ పైన తెల్లగా, సుద్దలా అవుతుంది.

సముద్రపు చేప నీసు వాసన వేరు, కొంతవరకు పులుపుకే లొంగుతుంది. ముక్కు అదిరేలా అమ్మోనియా ఘాటు కొడితే ఏ కడుగుడూ పనిచేయదు, పారేయాల్సిందే.

ప్రశ్న: ఇద్దరం ఉద్యోగస్తులం, ఇల్లు చేరేసరికి ఎనిమిది. పొద్దున్నే మసాలా పట్టించి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్లొచ్చా? ఎనిమిదిన్నరకు పిల్లలకు అన్నం పెట్టాలి. (మియాపూర్)

జవాబు: ఉప్పు, నిమ్మరసం, అల్లం తగిలించి పన్నెండు గంటలు ఉంచొద్దు. ఉప్పు నీళ్లు లాగుతూనే ఉంటుంది, పులుపు కండను పచ్చిగానే బిరుసు చేస్తుంది, అల్లం ఏం చేస్తుందో పైన చెప్పాం. చికెన్‌కూ మటన్‌కూ ఉన్న నానబెట్టే అలవాటు చేపకు అక్కర్లేదు, 15 నిమిషాల్లో పట్టాల్సింది పట్టేస్తుంది.

దానికి బదులు మసాలానే ముందు కలిపి సీసాలో పెట్టుకోండి. ఆరు సార్లకు సరిపడా కొలత: కాశ్మీరీ కారం 2 టేబుల్‌స్పూన్లు, ధనియాల పొడి 3 టేబుల్‌స్పూన్లు, గుంటూరు కారం, జీలకర్ర పొడి, మిరియాల పొడి, ఆమ్‌చూర్ ఒక్కొక్కటి 1 టేబుల్‌స్పూను, పసుపు, వాము ఒకటిన్నర టీస్పూను చొప్పున. తడి తగలని సీసాలో రెండు నెలలు బాగుంటుంది. అరకిలో చేపకు ఇందులోంచి 5 టీస్పూన్లు తీసుకుని, అప్పటికప్పుడు బియ్యప్పిండి కలపండి.

పొద్దున వెళ్లేముందు ఫిల్లెట్లను ఫ్రీజర్ నుంచి ఫ్రిజ్‌లోకి దించండి, పప్పు ఉడికించి పెట్టండి. ఎనిమిదికి వస్తూనే బియ్యం కుక్కర్‌లో పడేసి, చేపకు ఉప్పు చల్లండి. ఆ 10 నిమిషాల్లో చింతపండు పిండి పప్పుచారు పొయ్యి మీద పెట్టొచ్చు. 8:10కి తుడిచి, మసాలా అద్ది, రెండో పొయ్యి మీద పెనం పెట్టండి. 8:18కి మొదటి విడత, 8:25కి రెండోది. పప్పుచారు అన్నంలోకి వేడి చేప ముక్క, పక్కన ఉప్పూ నిమ్మరసం పిండిన ఉల్లిపాయ చక్రాలు. జొన్నరొట్టె తినే ఇంట్లో అయితే చారు కూడా అక్కర్లేదు.

ప్రశ్న: ఎయిర్ ఫ్రయర్‌లో చేస్తే పొడి పొడిగా, తెల్లటి పిండి మచ్చలతో వస్తోంది. (గచ్చిబౌలి)

జవాబు: నూనె చాలక బియ్యప్పిండి పచ్చిగా మిగిలిపోయింది. అందులో తిరిగే గాలి అంటుకోని పొడిని ఎగరగొడుతుంది కూడా. బియ్యప్పిండిని 1 టీస్పూనుకు తగ్గించి, అరకిలోకు 1 టేబుల్‌స్పూను నూనెను మసాలాలోనే కలిపి, ఆ ముద్దను ముక్కలకు పట్టించండి. 190 డిగ్రీల్లో 4 నిమిషాలు ఖాళీగా వేడిచేసి, జాలీకి నూనె రాసి, ముక్కలు ఒకదానికొకటి తగలకుండా పరచండి. ఒకటిన్నర సెంటీమీటర్ల మందానికి 8 నిమిషాలు, మధ్యలో ఒక్కసారి తిప్పాలి. ఓటీజీలో (కరెంటు ఒవెన్‌లో) అయితే 220 డిగ్రీల్లో 15 నిమిషాలు ముందు వేడిచేసి, పై అరలో 10 నుంచి 12 నిమిషాలు. పెనం మీద వచ్చే పొర ఈ రెండింట్లోనూ రాదు. నూనె తగ్గుతుంది, పొయ్యి దగ్గర నిలబడే పని తప్పుతుంది, అంతవరకే.

ప్రశ్న: నాలుగేళ్ల బాబుకు పెట్టాలి. ముళ్లు లేవని ఎలా నమ్మడం? (సికింద్రాబాద్)

జవాబు: నమ్మకండి, తడమండి. ఫిల్లెట్‌ను బోర్లించిన గిన్నె మీద పరిస్తే కండ వంగి, మిగిలిన ముళ్ల మొనలు పైకి తేలుతాయి. తల వైపు నుంచి తోక వైపుకు నడిమి గీత వెంబడి వేలు జరపండి. తగిలినదాన్ని పట్టకారుతో, ముల్లు వాలి ఉన్న దిక్కుకే లాగండి. పైకి నిటారుగా లాగితే కండ చిరుగుతుంది. కారం బదులు కాశ్మీరీ పావు టీస్పూను, మిరియాలు చిటికెడు చాలు. పెట్టేముందు వేళ్లతో ముక్కను విడదీసి ఇంకోసారి చూడండి. ఒకవేళ గొంతులో గుచ్చుకుంటే అన్నం ముద్దలు మింగించొద్దు, ముల్లు ఇంకా లోతుకు దిగే ప్రమాదం ఉంది. డాక్టర్‌కు చూపించాలి.

ప్రశ్న: చేప తిన్నాక పెరుగన్నం తింటే బొల్లి వస్తుందని మా అత్తమ్మ తిననివ్వరు. (మలక్‌పేట)

జవాబు: రాదు. బొల్లి అనేది ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ రంగునిచ్చే కణాల మీద దాడి చేయడం వల్ల వచ్చేది, చేపకూ పెరుగుకూ దానితో సంబంధం లేదు. ఇద్దరిలో ఎవరికైనా చేప పడకపోయినా, పాలు అరగకపోయినా అది వేరే సంగతి. అత్తమ్మకు మనసు ఒప్పకపోతే ఆ పూట మజ్జిగ బదులు చారుతో ముగించండి, ఇంట్లో గొడవెందుకు.

ప్రశ్న: రెండు ముక్కలు మిగిలాయి. మర్నాడు మైక్రోవేవ్‌లో వేడిచేస్తే రబ్బరులా అయ్యాయి, ఇల్లంతా వాసన. (తార్నాక)

జవాబు: మైక్రోవేవ్‌లో పెట్టకండి, ఉన్న కాస్త తేమా పోతుంది. మిగిలిన ముక్కలను రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడే తినేయండి. వేడిచేయడం కంటే మార్చి వండుకోవడం మేలు. ముక్కలను చేత్తో పెద్ద పెద్ద పలుకులుగా విడదీయండి. బాణలిలో 1 టేబుల్‌స్పూను నూనె కాగాక సన్నగా తరిగిన నాలుగు వెల్లుల్లి రెబ్బలు, నిలువుగా చీల్చిన మూడు పచ్చిమిర్చి, గుప్పెడు కరివేపాకు వేసి, ఆకు గలగలలాడాక చేప పలుకులు వేసి నిమిషంన్నర కలియబెట్టండి. దించి నిమ్మచెక్క పిండండి. అపోలో ఫిష్ కాదు, దానికి గుడ్డూ కార్న్‌ఫ్లోరూ పట్టించి ముంచి వేయించాలి. కానీ ఘాటు అదే, పొద్దున్నే డబ్బాలో పప్పన్నం పక్కన పెట్టి పంపడానికి బాగుంటుంది.